పంపకమునకు ముందు పరిచర్య

తెనాలి



అమ్మాయీ,

నీ సందేశము నిన్న రాత్రి అందినది. డాలసునుండి బయలుదేరుచున్నావనియు, శంషాబాదులో దిగి ఎక్కడను ఆగక తిన్నగా ఊరికి రాదలచితివనియు తెలిపి, చివర "మామయ్యా, అక్క ఎదురుపడితే నేనేం మాట్లాడాలి?" అని అడిగితివి. ఇంతటి ప్రశ్నకు ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరకుండుటకు మనసొప్పక, తీరికగా ఈ ఉత్తరము వ్రాసి, మనుమనిచేత ఫొటోలు తీయించి పంపుచున్నాను; విమానములో చదువుకొనుము. మంచము పట్టినది నీకు తల్లి, నాకు చెల్లెలు. కావున ఇందులో ఎక్కడనైన మాట కఠినముగా తోచినయెడల, అది ఆమె మీదను, మీ ఇరువురి మీదను గల మమకారమువలన వచ్చినదే యని గ్రహింపుము.

ముందుగా అమ్మ సంగతి. మొన్న ఆదివారమునాడు పోయి చూచి వచ్చితిని. కాలేయమునకు పాకిన వ్యాధికి ఇక శస్త్రచికిత్స గాని మందులు గాని పనిచేయవని గుంటూరు వైద్యులు చెప్పిన పిమ్మట, ఇంటికి తీసికొనిపొమ్మని ఆమెయే కోరినది. వీధివైపు గదిలో కిటికీ ప్రక్కన మంచము వేసిరి. పగలు అధికభాగము మగతలోనే గడచుచున్నది. మెలకువ వచ్చినప్పుడు రెండు చెంచాల రాగిజావయో కొబ్బరినీరో పుచ్చుకొని, చాలునని తల త్రిప్పుకొనుచున్నది. నీవు గదిలో అడుగు పెట్టినంతనే "ఇంత చిక్కిపోయిందేమిటి, ఏమీ తినిపించడం లేదా?" అను మాట నోటివరకు వచ్చును. దానిని అక్కడనే ఆపుకొనుము. తినకపోవుటచేత ఆమె క్షీణించుట లేదు. శరీరము తన పనులను ఒక్కొక్కటిగా చాలించుకొనుచుండుటచేత దానికి ఆహారముతోడి అవసరము తీరిపోవుచున్నది. ఇట్టి దశలో బలవంతముగా త్రాగించినది పొలమారి బాధపెట్టునే గాని బలమీయదు. రానున్న దినములలో కాలుచేతులు చల్లబడవచ్చును. ఊపిరి కొంతసేపు వడిగా ఆడి, కొంతసేపు ఆగి, మరల అందుకొనవచ్చును. ఇవి ఎవరి అజాగ్రత్తవలననో కలుగునవి కావు. ప్రాణము సెలవు తీసికొను పద్ధతి అట్టిది. ఇది ముందే తెలిసియుండినచో నీ భయము కోపముగా మారి ఎదుటనున్నవారిపై పడకుండును.

దూరదేశమునుండి చివరి దినములలో వచ్చిన బిడ్డ, రోగి చెంత నిలిచి, ఇన్నాళ్లు సేవచేసినవారిని నిలదీసి, పెద్దాసుపత్రికి తరలింపుమని, యంత్రములు పెట్టింపుమని పట్టుబట్టుట లోకమంతట కానవచ్చుచున్నదే. 1991లో కెనడా వైద్యులు కొందరు అమెరికాయందలి ఒక వృద్ధవైద్య పత్రికలో ఈ పోకడను వర్ణించుచు దీనికి "కాలిఫోర్నియానుండి వచ్చిన కూతురు" అని పేరే పెట్టిరి. ఆ కూతురు చెడ్డది కాదు, అమ్మాయీ. ఏండ్లతరబడి సేవకు నోచుకొనని ప్రేమ, మిగిలిన నాలుగు దినములలో సమస్తమును తీర్చుకొనవలెనని తహతహలాడి, ఆ తహతహలో ఆజ్ఞగను, ఆక్షేపణగను రూపుదాల్చును. నీలో అట్టి వేగిరపాటు పుట్టినప్పుడు దాని మూలము ప్రేమయే యని గుర్తించి, దానికి వాదము కాక పని అప్పగింపుము.

మీ అక్క ఆ గదిలో ఏమి చేయుచున్నదో నీకు తెలియవలెను. గోడకు వ్రేలాడు తెలుగు క్యాలెండరులో, తిథి వార నక్షత్రములుండు ప్రతి గడిలోను, పెన్సిలుతో చీమలబారువలె అంకెలు వ్రాసియుండుట చూచి అవి ఏమిటని అడిగితిని. మార్ఫిన్ మాత్ర వేసిన వేళలు కొన్ని, అమ్మను ప్రక్కకు తిప్పిన వేళలు కొన్ని. కదలలేని మనిషికి వీపున పుండ్లు పడకుండవలెనన్న రెండేసి గంటలకొకమారు ఒత్తిగిలింపవలెను. ఆ అంకెలు రాత్రి పండ్రెండుకును, రెండుకును, నాలుగుకును తప్పిపోలేదు. మార్ఫిన్ సంపాదించుట కూడ సులభము కాదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దానికి ఎన్నో కట్టుబాట్లు విధించినది. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి కొంత సడలించినను, నేటికిని అది వీధి చివరి మందుల దుకాణమున దొరకు వస్తువు కాదు. మాత్రలు నిండుకొనకమునుపే మీ బావగారు గుంటూరు పోయి తెచ్చుచున్నారు. హైదరాబాదులో మనుమరాలు పుట్టినది గదా, ఆ పసిదాని బారసాలకు కూడ మీ అక్క కదలలేదు. ఆమె గొప్పతనమును నీ యెదుట నిలిపి నిన్ను చిన్నబుచ్చుటకు ఇది చెప్పుట లేదు. ఎదుటివారు మోయుచున్న బరువు ఎంతయో తెలియక ఆడిన మంచిమాట కూడ ఒక్కొక్కప్పుడు ముల్లై గ్రుచ్చుకొనునని చెప్పుచున్నాను.

ఇక మీ ఇరువురి వైరము. నీ మనోవ్యథ నిరాధారమని నేననను. నీవు కులాంతర వివాహము చేసికొన్ననాడు మీ నాన్న నిన్ను గడప తొక్కవలదనెను; మీ అక్క ఆయనకు ఎదురాడజాలక నీ పెండ్లికి రాలేదు. ఆమెకు పసుపుకుంకుమల క్రింద ఎకరము పొలము ముట్టినది, నీకు ఏమియు ముట్టలేదు. నాన్న పోయిన కబురు నీకు ఆలస్యముగా అంది కడచూపు దక్కలేదు. ఆ పిమ్మట ఇల్లు అక్క పేర గిఫ్టు డీడు అయినదని ఎవరి నోటనో విని నీవు ఫోను చేయుట, ఆమె కసరికొనుట, ఇరుప్రక్కల అనరాని మాటలు దొర్లుట జరిగినవి. ఆనాటినుండి ఒకరి గొంతు ఒకరు వినలేదు.

నన్నయభట్టారకుని ఆదిపర్వమున కద్రూవినతల కథ నీకు చిన్ననాట చెప్పియుంటిని. పాలవలె తెల్లనైన ఉచ్చైశ్శ్రవము తోకయందు నలుపు కలదని అక్క, లేదని చెల్లెలు పందెము వైచుకొనిరి. అది దూరమునుండి చూచిన తోక. దగ్గరకు పోయి చూచుట మరునాటికి పెట్టుకొనిరి. ఆ నడిమి వ్యవధిలోనే ఒక పాము పోయి తోకకు చుట్టుకొనినది, చెల్లెలు దాసి యైనది. మీలో కద్రువ ఎవరు, వినత ఎవరు అని విచారించుట నా ఉద్దేశము కాదు. దూరమునుండి చూచుటకును దగ్గరగా పోయి చూచుటకును నడుమ మిగిలిన ఎడములో ఏమేమి వచ్చి చుట్టుకొనునో గమనింపుమనుటయే నా తాత్పర్యము. మీ విషయమున ఆ ఎడము ఏండ్లకొలది సాగినది. చుట్టముల చాడీలు, సగము విన్న మాటలు, చదివి బదులీయక వదలిన సందేశములు దానిని నింపినవి. ఆ కథలోనే మరియొక సంగతి కలదు. వినత దాస్యము ఏ వాదమువలనను తీరలేదు. కొడుకైన గరుడుడు దేవతలతో పోరాడి అమృతము తెచ్చిన శ్రమవలన తీరినది. బంధుత్వములలో చిక్కుకొన్న ఋణములకు నాకు తెలిసిన విమోచనమార్గము కూడ అదియే.

నీకు ఆస్తిపై హక్కు లేదని, దానిని విడిచిపెట్టుమని ఉపదేశించువారు కొందరు నీకు తగులుదురు. నేను అట్లు చెప్పను. ఆ ఇల్లు మీ నాన్న స్వార్జితము. ఆయన వీలునామా వ్రాయక పోయెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమును బట్టి అట్టి ఆస్తి భార్యకును బిడ్డలకును సమభాగములుగా వచ్చును. అమ్మ తన మూడవ వంతును ఎవరికైన ఈయగలదు గాని, నీ మూడవ వంతును ఈయజాలదు. పిత్రార్జితమున అవివాహితలైన కుమార్తెలకు కుమారులతోపాటు హక్కును మన రాష్ట్రము 1985లోనే కల్పించినది. 2005లో దేశమంతటను, వివాహితలైన కుమార్తెలకు సైతము, ఆ హక్కు వచ్చినది. ఇంతగా వ్రాయుట ఎందుకనగా, ఈ నెలలో నోరు మెదపనంతమాత్రమున ఆ భాగము ఎక్కడికిని పోదని నీవు నిశ్చింతగా నుండుటకు. వేచియుండలేనిది అమ్మ ఆయువు మాత్రమే. కొన ఊపిరితో నున్న మనిషి బొటనవ్రేలికి సిరా పూసి కాగితముపై అద్దించు దృశ్యములు మన పల్లెలలో నేను చాల చూచితిని. ఆ సిరా మరకతోడనే కట్టెలపైకి చేరిన చేతులను కూడ చూచితిని. ఆ గదిలోనికి ఏ పక్షమునుండియు కాగితము రాకూడదు. అక్క తెచ్చినను నీవు చూడవలదు. నీవు మాత్రము తేవలదు.

నేను చెప్పదలచిన దెల్ల ఒక్క మాట. ఆస్తిలో భాగము తరువాత సంగతి, మొదట పరిచర్యలో భాగము తీసికొనుము. వచ్చిన నాటి రాత్రియే, "అక్కా, ఈ రాత్రికి నువ్వు పడుకో. ఎప్పుడేం చెయ్యాలో చెప్పు, నేను కూర్చుంటాను" అని అడుగుము. అంతకు మించిన సంధివాక్యము ఏ రాయబారికిని చేతకాదు. ఆమె చెప్పినట్లే చేయుము. అమెరికాలో ఎట్లు చేయుదురో ఆ రాత్రి చెప్పవలదు. తడిపిన దూదితో పెదవులు, నాలుక తుడుచుట, మాత్ర వేళ చూచుకొనుట, తడిసిన గుడ్డ మార్చుట, ప్రక్కకు తిప్పుట నేర్చుకొని, ఆ క్యాలెండరు గడిలో ఆమె అంకెల క్రింద నీ అంకె వ్రాయుము. అమ్మ నడుము క్రింద అడ్డముగా ఒక దుప్పటి పరచియున్నది. ఆమెను నొప్పి కలుగకుండ తిప్పవలెనన్న ఇద్దరు కావలెను. మంచమునకు ఆవలి ప్రక్క ఒకరు, ఈవలి ప్రక్క ఒకరు నిలిచి, దుప్పటి అంచులు చుట్టి పట్టుకొని, ఒక్కసారిగా ఎత్తవలెను. "ఒకటి, రెండు, మూడు" అని అనుకొనక తప్పదు. ఏండ్లుగా పలుకరించుకొనని మీరిద్దరు మొదట ఒకరితో నొకరు ఆడు మాటలు ఆ అంకెలే యైనను నాకు సంతోషమే. క్షమాపణలు, కన్నీళ్లు, కౌగిలింతలు ఆ క్షణముననే కావలెనని తొందరపడకుము. శ్రమలో ఒకరి చేయి ఒకరికి అలవాటైన పిమ్మట మాట తనంత తానే దారి చేసికొనును. చేసికొనకున్నను, అమ్మకు నొప్పి తగ్గియుండును.

అమ్మతో ఎట్లు మెలగవలెనో చెప్పెదను. ఇంగ్లండులో నర్సుగా పనిచేసి, పిమ్మట వైద్యము చదివి, 1967లో లండనునందు సెయింట్ క్రిస్టఫర్స్ అను మరణాసన్నుల సేవాలయమును నెలకొల్పిన సిసిలీ సాండర్స్ అను విదుషీమణి, అట్టివారి బాధ దేహమునకు మాత్రమే సంబంధించినది కాదనియు, మనస్సు, కుటుంబము, ఆధ్యాత్మిక విశ్వాసములు కూడ అందులో భాగములే యనియు, ఈ అన్నిటిని కలిపి ఒకే బాధగా చూడవలెననియు బోధించినది. మీ అమ్మ దేహబాధను మాత్రలు చాలవరకు అణచుచున్నవి. ఇద్దరు బిడ్డలు పెడమొగములై యున్నారను బాధకు గుంటూరులోను మందు లేదు, డాలసులోను లేదు. అట్లని ఆమెను న్యాయమూర్తిని చేసి, "అమ్మా, నువ్వే చెప్పు, తప్పెవరిది?" అని అడుగవలదు. ఆమె సంతోషము కొరకని అక్క భుజముపై చేయివేసి నటింపను వలదు. మిమ్ము కని పెంచినది నటనను గుర్తింపలేనిది కాదు. "అమ్మా, నేనొచ్చాను. ఇక్కడే ఉంటాను. అక్కకు తోడుగా ఉంటాను" అని చెప్పుము. నీవు నెరవేర్చగలిగిన మాట అది, ఆమె వినగోరు మాటయు అదియే.

ఆమె కన్నులు మూసికొనియున్నను, పలుకకున్నను, వినుట లేదని తలంపకుము. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయము వారు 2020లో ప్రకటించిన పరిశోధనలో, మరణమునకు కొన్ని గంటల ముందు స్పృహ తప్పియున్నవారిలో కొందరి మెదడు సైతము శబ్దమునకు స్పందించుట కనబడినది. కావున ఆ గదిలో ఆమెను గూర్చి ఆమె లేనట్లు మాటలాడవలదు. వాగ్వాదము వచ్చునట్లున్నచో పెరటిలోనికి పోవుడు. నీవు ఆమెతో చెప్పుకొనవలసినది ఏదైన నున్నచో రేపటికి దాచుకొనవలదు. కర్ణుడు తన కుమారుడను సత్యమును కుంతి ఎన్నడు చెప్పినది? యుద్ధము ముగిసి, చచ్చినవారికి నీళ్లు వదలు వేళ పాండవులతో చెప్పినది. అప్పుడు ఆ మాట ఎవరిని బ్రతికించినది? ధర్మజునికి జయము సైతము విషమైనది. నీవు నాన్న మాట జవదాటి వెళ్లిన తరువాత అమ్మ నీ ఫొటోను పోపుల డబ్బా వెనుక దాచియుంచి చూచుకొనెడిదని నీకు ఇంతవరకు ఎవరును చెప్పలేదు. నాకు తెలిసియు ఇప్పుడు వ్రాయుట, ఆమె ఉండగానే నీవు దానిని ఎరిగి, ఆమె చేయి పట్టుకొని మాటలాడవలెనని.

మీ అక్క నిన్ను ఆదరముతో ఎదుర్కొనకపోవచ్చును. "ఇన్నాళ్లూ మేమే చేసుకున్నాం, ఇప్పుడెందుకొచ్చావు?" అని అననూవచ్చును. ఆ మాటలో కోపమెంత యున్నదో నిజమును అంతయే యున్నది గనుక, కోపమును విడిచి నిజమునకు బదులు చెప్పుము: "అవునక్కా, ఇన్నాళ్లూ నువ్వే చేశావు." దాని వెంట "కాని" అని ఒక మాట నాలుకకు తగులును, దానిని అననీయకుము. ఆమెయు నీకు చెప్పవలసినవి కొన్ని కలవు, నీ పెండ్లినాటి సంగతి మొదలుకొని; అవి ఈ దినములలో వచ్చిన వచ్చును, రాకున్న రాకపోవును. నీవు చేయు సేవ ఆమె మనసు కొనుటకు ఇచ్చు వెల కాదు. ఆమె తుదివరకు కరగకపోయినను నీ రాత్రులు వ్యర్థములు కావు. అవి అమ్మకు చెందినవి, నీకు చెందినవి. ఈ సంగతి ముందుగా నిశ్చయించుకొని వచ్చినచో నిరాశకు తావుండదు.

అమ్మ వెళ్లిపోయిన మరుక్షణమునుండి ఇల్లు మీది కాక చుట్టములది యగును. ఏడ్చిన వారెవరు, ఏడువని వారెవరు అని లెక్కించు కన్నులు, నిన్నొక మాట, అక్కనొక మాట అడిగి రెంటిని కలిపి మూడవ మాట కల్పించు నోళ్లు పోగగును. మగబిడ్డలు లేని ఇంట కర్మ ఎవరు చేయవలెనను ప్రశ్నకు అమ్మయే సమాధానము చెప్పియున్నది. మీ అక్క కొడుకు చేయవలెనని ఆమె కోరిక. దానిని నీవే నలుగురిలో ముందుగా చెప్పినచో సగము నోళ్లు మూతపడును. బీరువా తాళముచెవి ఎక్కడనని పెద్దకర్మ ముగియువరకు అడుగకుము. అడుగువారుండినచో "అక్కనడగండి" అనుము. పిమ్మట, నీవు తిరుగుప్రయాణము కట్టకమునుపు, మీ ఇరువురు, బావగారు, నీ భర్త, ఇరువురకును నమ్మకమైన ఒక వకీలు కలిసి పగటివేళ కూర్చుండుడు. కావలెనన్నచో నేనును వత్తును. చట్టము నీకిచ్చినది ఎంతయో, ఇన్నేండ్లు అమ్మను చూచుకొన్న దానికి అక్కకు చెల్లవలసినది ఎంతయో, రెండును బల్లపై పెట్టుడు. మందుల ఖర్చులకు కాగితములున్నవి. నిద్ర లేని రాత్రులకు ఆ క్యాలెండరు కలదు. నీ చేతి అంకెలు కూడ అందులో నుండినచో ఆ లెక్క కూర్చుట మీకు సులభమగును.

అమ్మ పోయిన పిమ్మట నిన్ను ఉయ్యాలలో చూచినవారు, నీకు జ్వరము వచ్చినప్పుడు తమ వంతు పాలు నీకు పోసినవారు, మీ నాన్న కోపమును నీవలెనే చవిచూచినవారు, ఈ లోకమున మీ అక్క యొక్కతెయే మిగులును. నీవు ఎంత దూరమున స్థిరపడినను, నీ బాల్యమునకు సాక్షి తెనాలి దగ్గర ఆ ఇంటిలోనే యున్నది. ఇంతటి బంధువును ఒక మూడవ వంతుకు విడుచుకొనువారు మూర్ఖులు. ఆ మూడవ వంతును అడిగిన మాత్రాన చెల్లెలిని వదలుకొనువారును మూర్ఖులే. ఈ రెండవ మాటను నేను మీ అక్కతో ముఖాముఖిగా చెప్పియే వచ్చితిని. ఆమె బదులు పలుకలేదు గాని, నీవు దిగు వేళ ఎప్పుడని అడిగినది.

కావున శంషాబాదులో దిగగానే నాకు ఫోను చేయవలదు. మొదటి ఫోను అక్కకే చేయుము. "దిగానక్కా. దారిలో ఏమైనా తీసుకురావాలా?" అని అడుగుము. దూదియో, గుడ్డలో, మాత్రలో ఆమె ఏది చెప్పినను మరువక తెచ్చి ఆమె చేతికిమ్ము.

శుభమస్తు.

ఇట్లు,
మీ మామయ్య